పదహారేళ్ల పిల్లకి నాలుగో నెల: ముందు ఆస్పత్రి కార్డు, తర్వాతే మిగతావి

మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. మీ ఊళ్లో పదో తరగతి పరీక్షలు రాసిన అమ్మాయికి ఆ వేసవిలోనే పెళ్లి చేసేశారు. వయసు పదహారు. ఇప్పుడు నాలుగో నెల. "కేసవుతుంది" అన్న భయంతో అత్తింటివాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్లడం లేదు. మీరు నలుగురు స్నేహితులు కలిసి ఈ అమ్మాయికి ఏదో ఒకటి చేయాలని, వచ్చే ఏడాది ఇంకో పిల్లకి ఇలా జరగకుండా ఊళ్లో అవగాహన సదస్సు పెట్టాలని అనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

ముందుగా మీ ప్రశ్నలోంచి ఊరి పేరు, బడి పేరు తీసేయండి. ఇలాంటి విషయంలో మైనర్ ఎవరో తెలిసేలా బయటపెట్టడం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక) చట్టం 23వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, రేపు ఆ పోస్టు ఫోన్లో ఎవరైనా చూపిస్తే ఆ పిల్ల ఇంట్లోంచి బయటికి రాదు.

ఇక సూటిగా జవాబు. ఈ వారంలోనే ఆ అమ్మాయి పేరు ఏఎన్ఎమ్ (ఊళ్లో గర్భిణుల్ని చూసే ప్రభుత్వ నర్సు) దగ్గర నమోదు కావాలి, అదీ అసలు వయసుతో. మిగతావన్నీ ఆ తర్వాతే. సదస్సు పెట్టొద్దు, దాని బదులు ఏం చేయాలో కింద రాస్తున్నాను. నేను మార్కాపురం వైపు పల్లెల్లో ఏఎన్ఎమ్‌గా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను, కాబట్టి చెప్పేది నేను చూసినదాని మీద ఆధారపడి చెప్తున్నా, డాక్టర్‌ని కాదు, లాయర్‌ని కాదు.

ఎందుకంత తొందర అంటే, పదహారేళ్ల ఒంట్లో ఎదుగుదల ఇంకా అయిపోదు. తల్లీ బిడ్డా ఇద్దరూ ఒకే రక్తంలోంచి పంచుకోవాలి, ఆ రక్తమే సగం మంది పిల్లలకి ముందు నుంచీ తక్కువ. చిన్న వయసు తల్లుల్లో బీపీ పెరిగి గుర్రపువాతం (ఫిట్స్) రావడం, నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం ఎక్కువ. ఈ మూడింటినీ ముందే పసిగట్టొచ్చు, కానీ ఎప్పుడు? నెలనెలా బీపీ చూస్తే, రక్తం పరీక్ష చేస్తే. ఏడో నెలలో మొదటిసారి వచ్చిన పిల్లకి మేం చేయగలిగింది తక్కువ. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి, 7 కంటే తగ్గితే అది పెద్దాస్పత్రి కేసే. నాలుగో నెల అంటే ఇంకా టైమ్ ఉంది. రక్తం పెంచుకోవచ్చు, ఐదో నెల స్కాన్ అందుతుంది.

ఒక చిన్న విషయం చెప్తాను, ఇది ఎవరూ చెప్పరు. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర నీలం రంగు. గర్భిణులకి రోజూ వేసుకోమని ఇచ్చేది ఎరుపు. పెళ్లయి వచ్చిన పిల్ల పుస్తకాల సంచిలో మిగిలిపోయిన నీలం మాత్రలు వేసుకుంటూ "వేసుకుంటున్నానమ్మా" అంటుంది. అది వారానికొకటా, రోజుకొకటా అని మనం అడగం. ఎర్ర మాత్ర రాత్రి అన్నం తిన్నాక నీళ్లతో వేసుకోవాలి, టీతో వద్దు, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. మలం నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పాలి. లేకపోతే మూడో రోజు నుంచి ఆ మాత్రలు గూట్లోనే ఉంటాయి.

ఇప్పుడు వయసు సంగతి. కార్డు మీద పందొమ్మిది అని రాయించమని అత్త బతిమాలుతుంది, కొందరు సిబ్బంది కూడా తలనొప్పి ఎందుకని రాసేస్తారు. ఇది ఆ పిల్లకి చేసే మొదటి అన్యాయం. పదహారు అని రాస్తే ఆమె హైరిస్క్ లిస్టులోకి వస్తుంది, ప్రతి నెలా 9వ తేదీన డాక్టర్ చూసే రోజున కార్డు మీద ఎర్ర స్టిక్కర్ పడుతుంది, కాన్పు ఎక్కడ చేయించాలో ముందే రాసిపెడతారు. పందొమ్మిది అని రాస్తే ఆమె మామూలు కేసు, పురిటి నొప్పులొచ్చిన రాత్రి ఏ ఆటోలోనో తిప్పుతారు. పైగా ఆ అబద్ధం నిలవదు. వయసు తేలాల్సి వస్తే ముందు చూసేది పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఆధార్‌లో తేదీ మార్పించుకున్నంత మాత్రాన ఏమీ మారదు.

"కేసవుతుందా?" అంటే, అవ్వొచ్చు. ఈ మాట దాచిపెట్టి ఎవరినీ ఆస్పత్రికి తీసుకెళ్లొద్దు, ఒక్కసారి మోసపోయామనుకుంటే ఆ వీధిలో ఇంకెవరూ మన మాట వినరు. పద్దెనిమిది నిండని అమ్మాయితో శారీరక సంబంధం పోక్సో కింద నేరమే, పెళ్లి చేసుకున్నా నేరమే. భార్య పద్దెనిమిది లోపు అయితే భర్తకి మినహాయింపు లేదని సుప్రీంకోర్టు 2017 అక్టోబర్‌లోనే తేల్చింది. విషయం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పాలని 19వ సెక్షన్ అంటుంది, చెప్పకపోతే శిక్ష కూడా ఉంది, డాక్టర్లకీ మీకూ నాకూ అందరికీ. కాబట్టి "ఎవరికీ చెప్పకుండా లోపల్లోపల సాయం చేస్తాం" అన్న ఆలోచన మీకుంటే మానుకోండి.

అయితే చెప్పే పద్ధతిలో చాలా తేడా ఉంది. స్టేషన్‌కి వెళ్లి ఎవరి మీదో ఫిర్యాదు పడేసి రావడం ఒక పద్ధతి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా చైల్డ్ వెల్ఫేర్ కమిటీ దగ్గరికి వెళ్లడం ఇంకో పద్ధతి. రెండో దాంట్లో పోలీసు ఉండడని కాదు, ఉంటారు, కానీ అమ్మాయి ఎక్కడ ఉండాలి, వైద్యం ఎవరు చూడాలి, ఆమె ఏం కోరుకుంటోంది అన్నవి మొదటి రోజు నుంచే ఒకరి బాధ్యత అవుతాయి. 2020 పోక్సో నిబంధనల ప్రకారం కమిటీ ఆమెకి తోడుగా ఒక సహాయక వ్యక్తిని కూడా నియమించొచ్చు. ఇది మీరు అడిగితేనే గుర్తొస్తుంది చాలా చోట్ల, కాబట్టి అడగండి. కేసు ఉన్నా లేకపోయినా ప్రభుత్వాస్పత్రిలో వైద్యం ఆపడానికి లేదు. ఎఫ్‌ఐఆర్ కాగితం తెస్తేనే చూస్తామంటే అది తప్పని గట్టిగా చెప్పండి.

చట్టం ఇలా ఉండటం వల్ల పిల్లలు ఆస్పత్రికే దూరమవుతున్నారన్నది నా అభిప్రాయం, నేను ఒక్కదాన్నే అంటున్నది కాదు. 2025 మేలో బెంగాల్ కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టు కూడా, ఆ అమ్మాయిని ఎక్కువ గాయపరిచింది నేరం కంటే ఆ తర్వాత ఇల్లు, సమాజం, వ్యవస్థ కలిసి నడిచిన తీరేనన్న అర్థంలో మాట్లాడి, దోషికి శిక్ష వేయకుండా వదిలింది. అది ఆ ఒక్క కేసుకే, మన ఊళ్లో చూపించుకోవడానికి పనికిరాదు.

ఇంకో ప్రశ్న మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు అడగాలి: ఆ అమ్మాయికి ఈ బిడ్డ కావాలా? అత్త లేనప్పుడు, భర్త లేనప్పుడు, ఆమెని ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడగాలి. ఈ పని ఒక ఆడమనిషి, ఏఎన్ఎమ్ గానీ ఆశ కార్యకర్త గానీ చేయాలి, మీరు నలుగురు అబ్బాయిలు వెళ్లి అడిగేది కాదు. వద్దనుకుంటే 20 వారాల దాకా ఒక డాక్టర్ నిర్ణయంతో అబార్షన్ చేయించుకోవచ్చు, 20 నుంచి 24 వారాల దాకా మైనర్లకి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో వీలుంది. మైనర్ కాబట్టి సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. 2022 సెప్టెంబర్ 29 తీర్పులో సుప్రీంకోర్టు ఒక మంచి వెసులుబాటు ఇచ్చింది: మైనరూ, ఆమె సంరక్షకులూ కోరితే, అబార్షన్ చేసే డాక్టర్ పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు రాయనక్కర్లేదు. ఇది తెలియని డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు, తీర్పు గురించి మర్యాదగా గుర్తు చేయండి. కావాలనుకుంటే మాత్రం అబార్షన్ మాట ఎవరూ ఎత్తకూడదు, పుట్టింటివాళ్లు పరువు కోసం బలవంతం చేసినా సరే.

మెడికల్ షాపు మాత్రలు మాత్రం వద్దే వద్దు. ఆ మాత్రలు మొదటి తొమ్మిది వారాలకే, అదీ డాక్టర్ చూశాక. ఒకసారి ఒక తల్లి, కూతురికి పెళ్లి కాలేదు, ఐదో నెలని తెలియక షాపులో చెప్పి మాత్రలు తెచ్చి మింగించింది. రెండు రోజులు గుడ్డలు మారుస్తూ ఇంట్లోనే ఉంచింది. మా దగ్గరికి తెచ్చేసరికి పిల్ల పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి, 108 ఎక్కించి ఒంగోలు పంపాం. బతికింది. ఆ తల్లి చెడ్డది కాదు, ఆమెకి ఎక్కడికి వెళ్లాలో తెలియదు, వెళ్తే ఏమంటారో అన్న భయం, అంతే. పెళ్లి కాని పిల్లల విషయంలో బిడ్డని పెంచలేమనుకుంటే దానికీ దారి ఉంది. చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు చట్టప్రకారం అప్పగించొచ్చు, మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఇస్తారు. చెత్తకుప్పల దగ్గర దొరికిన పసికందుల వార్తలు చదివినప్పుడల్లా నాకు ఈ 60 రోజుల సంగతే గుర్తొస్తుంది.

మీ ఊరి అమ్మాయి బిడ్డని కనాలనుకుంటే, ఆ తర్వాత ఏడాది ఎలా గడుస్తుందన్నదే అసలు విషయం. డబ్బు గురించి ముందే ఒక చేదు నిజం చెప్పేస్తాను: గర్భిణులకి కేంద్రం ఇచ్చే మాతృ వందన యోజన 5,000 ఈమెకి రాదు, కాన్పు నాటికి 18 ఏళ్ల 7 నెలలు నిండి ఉండాలి. ఆ డబ్బు అత్యవసరమైన వయసుకే అది లేదు. పెళ్లిని ప్రోత్సహించినట్టవుతుందని ఆ షరతు పెట్టారేమో గానీ, ఐదు వేల కోసం ఎవరూ పదహారేళ్ల పిల్లకి పెళ్లి చేయరు, ఈ షరతు వల్ల జరిగేదల్లా కార్డు మీద వయసు పెంచి రాయించుకోవడం. అయితే ప్రభుత్వాస్పత్రిలో కాన్పు, ఆపరేషనైనా, మందులు, రక్తం, రానూపోనూ బండి ఉచితమే. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, పౌష్టికాహారం వయసుతో సంబంధం లేకుండా ఇవ్వాలి. అంగన్‌వాడీ టీచర్ "మైనర్, పేరు ఎక్కించను" అంటే సీడీపీవో (అంగన్‌వాడీల పై అధికారి) దగ్గరికి వెళ్లండి.

రెండో బిడ్డ గురించి కాన్పుకి ముందే మాట్లాడాలి. నా అనుభవంలో మొదటి కాన్పు కంటే ప్రమాదం పద్దెనిమిదేళ్లకే రెండో కాన్పు. ఆరోగ్యమూ పోతుంది, చదువు ఆశా పూర్తిగా పోతుంది. కాన్పయిన 48 గంటల్లోపు, మళ్లీ గర్భం రాకుండా లోపల పెట్టే లూపు వేయొచ్చు. అది భయమనుకుంటే పాలిచ్చే తల్లులు వాడదగ్గ ఛాయ మాత్రలున్నాయి, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజక్షన్ ఉంది. ఏది సరిపోతుందో డాక్టర్ చూసి చెప్తారు. ఇవన్నీ పీహెచ్‌సీలో ఉచితం. కానీ అత్తగారిని పక్కన పెట్టి ఈ పని ఎప్పటికీ కాదు. నేను అత్తలతో పిల్లల ఎడం గురించి కాదు, మనవడి బరువు గురించి మాట్లాడేదాన్ని: "వీడికి రెండేళ్లు తల్లిపాలు దొరకాలా వద్దా? మళ్లీ నెల తప్పితే పాలెక్కడ?" అంటే అప్పుడు ఆమే కోడల్ని వెంటబెట్టుకుని వచ్చేది.

చదువు విషయంలో ఓపెన్ స్కూల్‌ని చిన్నచూపు చూడకండి. పదో తరగతి పాసైంది కాబట్టి నేరుగా ఓపెన్ ఇంటర్‌లో చేరొచ్చు. మా దగ్గర ఒక అమ్మాయి మూడు నెలల బిడ్డతో పరీక్షలు రాసింది. అత్త సెంటర్ గేటు బయట చెట్టు కింద బిడ్డని పట్టుకుని కూర్చుంది, అమ్మాయి పరీక్షకి ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి పాలిచ్చేది. మధ్యలో ఏడిస్తే గ్లాసు, స్పూనుతో పిండి తెచ్చిన తల్లిపాలు పట్టేది అత్త, ఎలా పట్టాలో ఆశ నేర్పింది. మూడు గంటల పరీక్షకి ఇంత ఏర్పాటు కావాలి, ఇదెవరో ఒకరు ముందు రోజే ఆలోచించాలి. మీలాంటి కుర్రాళ్లు చేయగలిగిన పని సరిగ్గా ఇలాంటిదే: అప్లికేషన్ నింపడం, టీసీ తెచ్చిపెట్టడం, ఫీజు తేదీ గుర్తు చేయడం, పరీక్ష రోజు ఆటో మాట్లాడటం.

ఇక వచ్చే ఏడాది సంగతి.

మన దగ్గర టీనేజ్ గర్భాల్లో ఎక్కువ భాగం పెళ్లి తర్వాతవే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది లోపే పెళ్లయింది, తెలంగాణలో 23.5. సర్వే నాటికి 15–19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవాళ్లు లేదా గర్భంతో ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద 6.8 శాతమైతే ఆంధ్రలో 12.6, తెలంగాణలో 5.8. బాల్య వివాహాల్లో రెండు రాష్ట్రాలకీ ఉన్న తేడా కంటే గర్భాల్లో తేడా చాలా పెద్దది, గమనించారా? దాన్నుంచి నేను చదువుకునేది ఇదీ: పెళ్లి ఒక సమస్య, పెళ్లయిన ఏడాదిలోపే బిడ్డ కావాలన్న ఒత్తిడి ఇంకో సమస్య. రెండూ విడివిడిగా పట్టుకోవాలి.

సదస్సు ఎందుకు వద్దన్నానంటే, దానికి వచ్చేది బడికి వెళ్తున్న పిల్లలు, డ్వాక్రా మహిళలు, ఫోటోల్లో నిలబడే పెద్దలు. బాల్య వివాహం నేరమని తెలియని ఇల్లు ఈ రోజుల్లో లేదు, తెలిసే కదా తెల్లవారుజామున గుళ్లో చేస్తున్నారు. "గుండెల మీద కుంపటి" అనే తండ్రిని తిట్టి లాభం లేదు. ఆయన మిరపకోతలకి గుంటూరు వైపు వలస వెళ్తే రెండు నెలలు ఆ పిల్లని ఇంట్లో ఎవరి దగ్గర వదలాలి? దీనికి జవాబు సదస్సులో దొరకదు, హాస్టల్ సీటులో దొరుకుతుంది. ఆడపిల్లల హాస్టల్ బడి కస్తూర్బా విద్యాలయంలో ఇంటర్ ఉంటే అదే అన్నిటికంటే మంచి మందు.

కాబట్టి సదస్సు బదులు ఒక లిస్టు రాయండి. ఏప్రిల్‌లో, పదో తరగతి పరీక్షలవగానే, మీ ఊళ్లో పది రాసిన అమ్మాయిలందరి పేర్లు. బడి హెచ్‌ఎం దగ్గర దొరుకుతుంది. జూలై ఆఖరికి ఒక్కొక్కరూ ఎక్కడ చేరారో ఎదురుగా రాయండి. ఖాళీగా ఉన్న పేరే మీ పని. ఫెయిలైన పిల్లల పేర్లు ముందు చూడండి, పెళ్లిచూపులు వాళ్లకే ముందు జరుగుతాయి. సప్లిమెంటరీకి ఎవరైనా డిగ్రీ అబ్బాయి లెక్కలు చెప్తే అది నా దృష్టిలో బాల్య వివాహ నిరోధక కార్యక్రమమే. కాలేజీకి బస్సు లేకపోతే డిపో మేనేజర్‌కి సర్పంచ్ లెటర్‌హెడ్ మీద అర్జీ పెట్టండి. ఆడవాళ్లకి టికెట్ ఫ్రీ అయింది, బాగానే ఉంది, అసలు బస్సే రాని ఊరికి ఫ్రీ టికెట్ దేనికి?

పెళ్లి కుదిరిందని ముందే తెలిస్తే 1098కి చెప్పండి, లేదా ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే విభాగం) సూపర్‌వైజర్‌కి. కోర్టు నిలుపుదల ఉత్తర్వు ఇవ్వొచ్చు, దాన్ని కాదని చేస్తే ఆ పెళ్లి చెల్లదు. అయిపోయిన పెళ్లిని కూడా అమ్మాయి రద్దు చేయమని అడగొచ్చు, పద్దెనిమిది నిండాక రెండేళ్ల దాకా గడువుంది, రద్దయినా పుట్టిన బిడ్డ చట్టబద్ధమైన సంతానమే. మీ ఊరి అమ్మాయికి ఈ సంగతి ఎప్పుడో ఒకప్పుడు తెలియాలి, ఇప్పుడే నెత్తిన రుద్దొద్దు.

ఆపలేకపోయిన పెళ్లిళ్ల మాట. మా వ్యవస్థలో ఒక వింత ఉంది, కొత్త కోడలు నెల తప్పే దాకా ఆమె ఉందని ఎవరికీ పట్టదు. నెల తప్పగానే ఆశ, ఏఎన్ఎమ్, అంగన్‌వాడీ అందరూ వస్తారు. ఈలోపు ఇరుగుపొరుగు మాత్రం రెండో నెల నుంచే "ఏమైనా విశేషమా?" అని అడుగుతుంటారు. ఆశ కొత్త కాపురానికి మొదటి నెలలోనే వెళ్లాలి, కేసు సంగతి తెలిసినా సరే, నిరోధ్ గురించి మాట్లాడాలి, అదీ అబ్బాయితో కూడా. ఇక్కడ మీరు నిజంగా పనికొస్తారు. ఆ పెళ్లికొడుకులు మీ ఈడువాళ్లే, బెంగళూరులో సెంట్రింగ్ పనికి వెళ్లి పండక్కి వచ్చేవాళ్లు. ఆశ చెప్తే సిగ్గుపడి తల దించుకుంటారు, క్రికెట్ ఆడేటప్పుడు మీరు చెప్తే వింటారు. మీ ఊరి అమ్మాయి భర్తతో కూడా మాట్లాడండి. కేసు భయంతో అతను ఊరు వదిలి పారిపోతే ఆమెకి కాన్పు ఖర్చుకీ తోడుకీ ఎవరూ ఉండరు. అతను కూడా పద్దెనిమిది లోపు అయితే అతన్నీ చట్టం పిల్లవాడిగానే చూస్తుంది, కేసు జువెనైల్ బోర్డు దగ్గరికే వెళ్తుంది. ఉచిత లాయర్ కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఇద్దరికీ వేర్వేరుగా అడగండి.

రేపు పొద్దున ఏఎన్ఎమ్ దగ్గరికి వెళ్లేటప్పుడు పదో తరగతి మార్కుల లిస్టు జిరాక్స్ తీసుకెళ్లండి, అత్తగారిని కూడా వెంట రమ్మనండి. తలనొప్పి తగ్గకపోవడం, చూపు మసకబారడం, ముఖం వాయడం, ఏ కొంచెమైనా రక్తం కనబడటం, వీటిలో ఏది ఉన్నా రేపటి దాకా ఆగకుండా 108కి చేయండి.